రెండు లీటర్లన్నాను

అలసట అంటే ఏమిటో నాకు రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు తెలిసింది. అంతకుముందు అలసట అనుకున్నవన్నీ ఉత్త బద్ధకాలు. ఆరో నెల దాటాక పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుంటే చాలు, అప్పటికే ఒక రోజు పని చేసి వచ్చినట్టుండేది. పాదాలు నా చెప్పుల్లో పట్టడం మానేశాయి. మా ఆయన పాత చెప్పులు వేసుకుని పనికి వెళ్ళేదాన్ని. అవి నాకు సరిగ్గా సరిపోవడం చూసి ఆయన నవ్వాడు. ఆ చెప్పు తీసి ఆయన మీదకి విసరాలన్నంత కోపం వచ్చింది. వంగి తీసే ఓపిక లేదు కాబట్టి బతికిపోయాడు.

నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాను. మా ఊరు గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి రేవుకి దగ్గర. పొద్దున్న ఏడింటికే రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. ఆ నీళ్ళలో ఉప్పెంత, అమ్మోనియా ఎంత, కాల్షియం, మెగ్నీషియం ఎంతెంత ఉన్నాయో చూసి చీటీ రాసిస్తాను. రొయ్య పెంకు వదిలే రోజుల్లో నీళ్ళలో ఖనిజాలు తగ్గితే కొత్త పెంకు గట్టిపడదు, మెత్తగా ఉండిపోతుంది. అలాంటప్పుడు చెరువుకి ఎంత మందు వెయ్యాలో చెప్పడం కూడా నా పనే.

అందుకని ప్రతి రైతునీ రెండు ప్రశ్నలు అడుగుతాను. చెరువు ఎన్నెకరాలు, లోతెంత. సీసాలో నీళ్ళు చూస్తే ఒక లీటరులో ఎంతుందో తెలుస్తుంది, చెరువు మొత్తంలో ఎంతుందో తెలియదు. అది తెలియాలంటే చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో తెలియాలి. ఇంతే విషయం. ఈ ఇంత విషయాన్ని పదేళ్ళుగా రోజుకి పదిసార్లు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. "నాలుగడుగులు ఉంటుందిలెండి" అని గాలిలో చెయ్యి చూపించే రైతుని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కర్ర దింపి కొలవడానికి ఏం రోగం?

మా అత్తగారు అప్పట్లో రేవులో చేపలమ్మేవారు. తెల్లారకుండా వేటకెళ్ళిన పడవలు వచ్చే చోట నిలబడి, తట్ట నింపుకుని, పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళి అమ్ముకొచ్చేవారు. పంటు అంటే మా దగ్గర గోదావరి దాటించే పెద్ద పడవ. మనుషులు, మోటారు సైకిళ్ళు, మేకలు, అప్పుడప్పుడూ ఒక కారు, అన్నీ దాని మీదే అవతలికి వెళ్తాయి. ఆవిడ ఏ చేపనైనా చేత్తో ఎత్తి బరువు చెప్పేవారు. కాటా వేస్తే యాభై గ్రాములు అటూ ఇటూ, అంతకు మించి తేడా వచ్చేది కాదు. "కాటాకి తుప్పు పట్టుద్దేమో గానీ నా చేతికి పట్టదమ్మా" అనేవారు.

మా ఇద్దరికీ మధ్య ఒక విషయం ఉండేది. దాని గురించి మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు కూడా నా కాళ్ళకి నీరు దిగింది. "తొలిచూలు కదా, ఒంటికి నీరు పడుద్ది, కానుపయ్యాక అదే తీసేసుకుంటది" అన్నారు మా అత్తగారు. వీధిలో ఆడవాళ్ళందరూ అదే మాట అన్నారు. డిగ్రీ చదివిన నేనూ తలూపాను. తలనొప్పి వస్తే ఎండకి అనుకున్నాను. ఏడో నెల నిండకుండానే ఒక మధ్యాహ్నం, లోపల బిడ్డ కదలడం లేదని అర్థమయింది. అంతే. ఆ తర్వాత మూడేళ్ళు మా ఇంట్లో కాళ్ళ వాపు అనే మాట ఎవరి నోటా రాలేదు. తప్పు ఎవరిదని ఆవిడ నన్ను అడగలేదు, నేను ఆవిడని అడగలేదు. ఇద్దరికీ జవాబు తెలుసునని ఇద్దరికీ తెలుసు.

కాబట్టి రెండోసారి కాళ్ళు ఉబ్బడం మొదలయ్యాక ఆవిడే నన్ను నర్సాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

డాక్టరు నడివయసు మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వింటారు. ఆ ఒక్క గుణానికే ఆవిడ దగ్గర మూడు గంటలు కూర్చోవచ్చు. నా రక్తం కాగితం చూసి, హిమోగ్లోబిన్ తగ్గిందన్నారు. నేను ఐరన్ మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదని కొంచెం పౌరుషంగానే చెప్పాను.

"మానారని అనడం లేదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది. అందులో ఎర్రకణాల కంటే నీరు ఎక్కువ పెరుగుతుంది. అందుకని అన్నీ పలచబడి తగ్గినట్టు కనిపిస్తాయి. కొంత తగ్గడం మామూలే, మీకు ఇంకాస్త ఎక్కువ తగ్గింది" అన్నారు.

నాకు వెంటనే తలకెక్కింది. వానాకాలంలో చెరువు నిండితే ఉప్పు శాతం పడిపోతుంది. ఉప్పు ఎక్కడికీ పోలేదు, నీళ్ళు పెరిగాయి. ఈ సంగతి రైతులకి నేనే చెప్తాను, నా ఒంటి దాకా వచ్చేసరికి ఒకరు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత కిడ్నీల కాగితం. క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి తీసెయ్యాల్సిన మలినం, సున్నా పాయింట్ తొమ్మిది. పక్కనే నార్మల్ అని అచ్చేసి ఉంది. నేను ఆ అంకె ముందే చూసుకుని ధైర్యంగా ఉన్నాను. డాక్టరు దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు.

"ఈ నార్మల్ కడుపుతో లేనివాళ్ళదమ్మా. ఇప్పుడు మీ కిడ్నీలు మామూలు కంటే దాదాపు సగం ఎక్కువ రక్తాన్ని వడకట్టాలి. అవి బాగా పని చేస్తుంటే ఈ అంకె ఇంకా కిందకి దిగాలి. దిగలేదంటే కొంచెం ఇబ్బంది పడుతున్నాయని."

బీపీ కూడా గీత మీద ఉంది. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ కిడ్నీల్లోంచి బయటికి పోతోందేమో చూడాలన్నారు. దానికి ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టాలి. ఒక ఉదయం మొదలుపెడితే మర్నాడు ఉదయం వరకూ, ఒక్కసారి కూడా వదలకుండా, మొత్తం ఒకే క్యానులో పట్టి తెచ్చి ఇవ్వాలి. రోజు మొత్తానికి మూడు వందల మిల్లీగ్రాముల ప్రొటీన్ దాటితే ఆసుపత్రిలో చేరాలి. ఐదు లీటర్ల తెల్ల క్యాను ఒకటి ఇచ్చారు.

పంటు మీద ఆ ఖాళీ క్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "నూనెకా అమ్మా?" అని ఎవరో అడిగారు. మా అత్తగారు "ఆయ్, నూనెకే" అన్నారు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ బార్లీ నీళ్ళు మొదలుపెట్టారు. వాపుకి బార్లీ మందని మా వైపు నమ్మకం. గింజలు ఉడకబెట్టి, వడగట్టి, ఇత్తడి చెంబుతో తెచ్చి నా ముందు పెట్టేవారు. ఖాళీ చేసేదాకా కదిలేవారు కాదు. ఒక్కో చెంబుతో ఒంట్లో ఇంకో గోదావరి పోసుకుంటున్నట్టుండేది. ఎండుచేప బంద్. ఆవకాయ బంద్. చప్పిడి కూర, చప్పిడి పప్పు. ఆ చప్పిడి తిండి తిని నా మాటలు కూడా చప్పబడిపోయాయి.

ఆదివారం నాకు సెలవు. ఆ రోజు ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. మా ఇంటికి మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అరగంటకోసారి అక్కడికి వెళ్ళడం, కొలత గిన్నెలో పట్టడం, క్యానులో పొయ్యడం, మూత బిగించడం, చేతులు కడుక్కోవడం, నడుం పట్టుకుని వెనక్కి రావడం. వచ్చి కూర్చోగానే ఆవిడ చెంబు. మళ్ళీ పెరట్లోకి. సాయంత్రానికి నా మోకాళ్ళు మేం నీవి కాదన్నాయి. ఏడ్చాను కూడా. ఎందుకని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. బాధా కాదు, భయమూ కాదు. ఊరికే లేచి నడవాలంటే ఏడుపొచ్చింది.

సోమవారం ఉదయం ఆరింటికి క్యాను మూత ఆఖరిసారి బిగించాను. మా ఆయన రొయ్యలకి మేత వెయ్యడానికి అప్పటికే చెరువుల మీదకి వెళ్ళిపోయాడు. అత్తగారు రేవుకి వెళ్ళడానికి తట్ట కడుక్కుంటున్నారు. నేను క్యాను ఎత్తి చూశాను. బరువుగా ఉంది. దీన్ని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాలి, పంటు దాకా నడవాలి, పంటు మీద మా ల్యాబు రైతులు ఓ పదిమంది ఉంటారు, "ఏంటి మేడంగారూ, మా చెరువు నీళ్ళేనా?" అంటారు. అవతల మళ్ళీ ఆటో.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. రైతులకి నేను నేర్పేదే చేశాను. చెరువు నాలుగు మూలలా నీళ్ళు తీసి, ఒక బకెట్లో బాగా కలిపి, అందులోంచి ఒక సీసా పట్టుకురండి, చెరువంతా మోసుకురానక్కర్లేదు అని చెప్తాను కదా. క్యానుని బాగా కుదిపి కలిపాను. ల్యాబు నుంచి తెచ్చిన కొత్త సీసా ఒకటి నింపాను. మిగిలింది దొడ్లో పారబోసి నీళ్ళు కొట్టాను. క్యాను కడిగి బోర్లించాను. పదేళ్ళ అలవాటు నా చేత చేయించింది. పారబోసిన తర్వాత చేతిలో సీసా తేలిగ్గా ఉంది, అదొక్కటే నాకు తెలిసింది.

నర్సాపురం ల్యాబులో కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి సీసా తీసుకుని, "క్యాను తేలేదాండీ?" అంది.

"కలిపి తీశానండి. నేనూ ల్యాబులోనే పని చేస్తాను."

"అయితే సరేనండి. మొత్తం ఎంతొచ్చిందో చెప్పండి, రాసుకుంటాను."

మొత్తం ఎంతొచ్చింది. నేను పదేళ్ళుగా అందరినీ అడిగే ప్రశ్న. చెరువు లోతెంత?

ఇక్కడ అబద్ధం చెప్పను. నాకు ఆ క్షణంలో లెక్క తెలియక కాదు. నిన్న ఎన్ని చెంబులు తాగానో నాకు తెలుసు. పొద్దున్న క్యాను ఎత్తినప్పుడు నా మణికట్టుకి తెలిసింది. మూడు అని నోటి దాకా వచ్చింది. కానీ నా బుర్ర గుణించేసింది. ఇదే చిక్కదనానికి నీళ్ళు ఎక్కువని చెబితే మొత్తం ప్రొటీన్ ఎక్కువ వస్తుంది. తక్కువని చెబితే తక్కువ వస్తుంది. ఎక్కువొస్తే ఆసుపత్రి, మంచం, సూదులు, మళ్ళీ ఆ ఏడో నెల. కొలవలేదండీ అంటే మళ్ళీ మొదట్నుంచీ ఇరవై నాలుగు గంటలు.

"రెండు లీటర్లు" అన్నాను.

సాయంత్రం కాగితం ఫోన్లోకి వచ్చింది. వంద మిల్లీలీటర్లకి పద్నాలుగు మిల్లీగ్రాములు. రెండు లీటర్లకి రెండు వందల ఎనభై. డాక్టరు ఫోన్లో, "గీత కిందే ఉంది, కానీ ఆనుకునే ఉంది. వచ్చే సోమవారం రండి, మళ్ళీ చూద్దాం. తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా ఆగకుండా వచ్చెయ్యండి" అన్నారు. మా ఆయన ఇంటికొచ్చి వినగానే నా నెత్తిన చెయ్యి వేసి నిమిరాడు. మా అత్తగారు "బార్లీ పని చేసింది" అని మాత్రం అన్నారు. ఆవిడ అంతకంటే సంబరపడతారనుకున్నాను. పడలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మంగళవారం, బుధవారం నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకరు కడుపులో ఉన్న మనిషికి ఒంటరితనం ఉండదంటారు. ఆ రెండు రోజులూ నాకు ఉన్నంత ఒంటరితనం ఎవరికీ ఉండి ఉండదు. బిడ్డ తన్నినప్పుడల్లా ఉలిక్కిపడి లెక్కపెట్టేదాన్ని. తన్నకపోతే ఎడమపక్కకి తిరిగి పడుకుని తన్నేదాకా ఎదురుచూసేదాన్ని.

గురువారం ఉదయం ల్యాబుకి ఒక రైతు వచ్చాడు. పెద్దాయన. పది రోజుల క్రితం నేను రాసిచ్చిన మందు వేశాడు, అయినా రొయ్యలు మెత్తగానే ఉన్నాయి, కొన్ని పోతున్నాయి కూడా. మెత్తటి రొయ్యలు నాలుగు గుడ్డలో చుట్టి తెచ్చాడు. పాత చీటీ తీసి చూశాను. లోతు నాలుగడుగులని రాసి ఉంది.

"మీరు సీసా తెచ్చే ముందు వారంపాటు వాన కురిసింది కదండీ, అప్పటికి మీ చెరువు నాలుగడుగులే ఉందా?" అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "ఆరు దాకా ఉందేమోనండి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మామూలుగా వచ్చే కోపం కాదు. "మరి నాలుగని ఎందుకు చెప్పారండీ? లోతు అబద్ధం చెబితే నా లెక్క ఎలా సరిపోతుంది? నన్ను మోసం చేస్తే మీకేం వస్తుంది? చచ్చేది మీ రొయ్యే కదా!" అని అరిచాను. గుమ్మంలో నిలబడ్డ మిగతా రైతులు లోపలికి తొంగి చూశారు.

ఆయన నొచ్చుకోలేదు. గుడ్డలో రొయ్యల్ని మళ్ళీ మూట కడుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఆరని చెబితే నీళ్ళు తోడమంటారనండి. ఇంజను తెచ్చి, పైపులేసి, రెండు రోజులు గట్టు మీద కూర్చోవాలండి. ఓపిక లేదండి నాకు. నాలుగని చెబితే కాగితం బాగుంటది కదా, ఆ కాగితం చూసుకుని ఓ నాల్రోజులు నిమ్మళంగా ఉందామనిపించిందండి. తప్పేనండి."

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నాకు ఆ గింజ మొత్తం నలుపే అనిపించింది. ఆయనకి కొత్త చీటీ రాసిచ్చాను. ఆ రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను.

మా అత్తగారు నర్సాపురం నుంచి తిరిగొచ్చి పెరట్లో తట్ట బోర్లించి కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను వెళ్ళి మరుగుదొడ్డి పక్క అరుగు మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ పరీక్ష తప్పు" అన్నాను. "నేను కొలవలేదు. పారబోసేసి రెండు లీటర్లని చెప్పాను. రెండు కాదు."

ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోసుకోవడం ఆపలేదు. చెంబు ఖాళీ అయ్యాక కింద పెట్టారు.

"తెలుసే" అన్నారు.

నేను ఆవిడ మొహం వంక చూశాను.

"తట్ట కడుగుతుంటే చూశాను. అంతకుముందు నేనే ఆ క్యానుని చీపురుకి అడ్డొస్తందని ఎత్తి పక్కన పెట్టాను. చేతికి తెలిసింది. మూడు కేజీలకి పైమాటే. నువ్వు సీసా నింపి తక్కింది ఒంపేశావు. సాయంత్రం మీ ఆయన రెండు లీటర్లంట, గీత కిందే ఉందంట అని చెబుతుంటే వినలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను."

"మరి అడగలేదేం?"

ఆవిడ చీర కుచ్చెళ్ళతో కాళ్ళు తుడుచుకున్నారు. "ఏమని అడగనమ్మాయ్? అప్పుడు ఏం కాదులే అన్నదాన్ని నేనే. ఇప్పుడు కాగితం కూడా ఏం కాదంటంది. ఆ మాట నాకూ బాగుంది. నాలుగు రోజులు అలాగే ఉండనిద్దామనుకున్నాను."

మూడేళ్ళుగా మాట్లాడుకోని విషయం అలా పెరట్లో, చేపల వాసనలో, రెండు ముక్కల్లో బయటపడింది. నాకు ఆవిడ మీద కోపం రావాలి. రాలేదు. మేమిద్దరం ఒకటే రకం అలసటలో ఉన్నామని మాత్రం అర్థమయింది. ఆవిడ లేచి ఆ తెల్ల క్యాను తెచ్చి నా ముందు పెట్టారు.

"పొద్దున్న మొదలెట్టు. నేను రేవుకి వెళ్ళను" అన్నారు.

శుక్రవారమంతా ఆవిడ నా వెనకే ఉన్నారు. నేను లేచిన ప్రతిసారీ లేచారు. కొలత గిన్నె అందించారు, క్యాను మూత ఆవిడే తీశారు, ఆవిడే బిగించారు. "ఈసారి గిన్నె మర్చిపోయి ఊరికే కూర్చుంటావేమోనే, నీ మొహం చూస్తే నాకు నమ్మకం లేదు" అని వేళాకోళం కూడా చేశారు. నేను నవ్వడానికి ప్రయత్నించాను. బార్లీ మాత్రం ఆపలేదు, అదేం మనిషో.

శనివారం ఉదయం ఆవిడ క్యానుని చేపల తట్టలో నిలబెట్టి, చుట్టూ గోనె సర్ది, పైన తడిగుడ్డ కప్పి నెత్తిన పెట్టుకున్నారు. నేను పక్కన నడిచాను. పంటు మీద తెలిసినావిడ ఒకామె, "ఏం చేపే అక్కా, చూపించు" అని గుడ్డ ఎత్తబోయింది. మా అత్తగారు ఆమె చేతి మీద ఒక్కటి వేశారు. "బేరం అయిపోయిందే. డాక్టరమ్మగారి చేప" అన్నారు. నదిలో ఆ రోజు నీరు ఎర్రగా ఉంది, ఎగువన వానలు. నాకు నిలబడే ఓపిక లేక పంటు రేకు మీద కూర్చుండిపోయాను.

ల్యాబులో ఆ అమ్మాయి క్యానుని గీతలున్న జాడీలోకి ఒంపి కొలిచింది. రెండు లీటర్ల తొమ్మిది వందలు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. చిక్కదనం పందొమ్మిది. మొత్తం ఐదు వందల యాభై ఒకటి.

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. నా బీపీ మళ్ళీ చూశారు. కొంచెం పెరిగింది. ఆవిడ మొహంలో నాకు తెలిసిన నిదానం పోయింది.

"సోమవారం రెండు వందల ఎనభై. ఇవాళ ఐదు వందల యాభై. ఐదు రోజుల్లో రెట్టింపు. ఇంత జోరుగా పెరుగుతుంటే నాకు ఆగడం భయంగా ఉందమ్మా. ముప్పై ఒకటో వారం. బిడ్డ చాలా చిన్నది. అయినా తీసెయ్యాల్సి రావచ్చు. భీమవరంలో పసిపిల్లల వార్డు ఉన్నచోటికి ఇవాళే పంపిస్తాను" అన్నారు. ఫోను చేతిలోకి తీసుకున్నారు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నా అబద్ధం ఒక్క వారం నిమ్మళం కోసమే అనుకున్నాను. అది ఇప్పుడు తిరగబడి, లోపల ఇంకా ఉండాల్సిన బిడ్డని బయటికి లాగబోతోంది. చెప్పాలి. చెబితే ఈవిడ నా మొహాన ఏమంటారో. ఇంత చదివినదాన్ని, ఇదే పని చేసేదాన్ని.

"అది అబద్ధపు లెక్కండి డాక్టరమ్మగారూ" అన్నారు మా అత్తగారు.

డాక్టరు ఫోను దించారు.

"సోమారం లెక్క. రెండు లీటర్లు కాదండి. మూడు ఉందండి, ఇంకో గుక్కెడు ఎక్కువే ఉండుద్దేమో గానీ తక్కువ లేదు. నా చేత్తో ఎత్తానండి. ముప్పై అయిదేళ్ళుగా చేపలు తూస్తన్నానండి ఈ చేత్తో. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దని చెప్పలేదండి. తప్పు అమ్మాయొక్కదానిదే కాదండి, మా ఇద్దరిదీనండి."

తర్వాత నాకు మాట వచ్చింది. పారబోసిన సంగతి, సీసా సంగతి, గుణకారం సంగతి, అన్నీ చెప్పాను. డాక్టరు తిట్టారు. బాగా తిట్టారు. మా ఇద్దర్నీ కలిపి ఒకే తిట్టు తిట్టారు. తిట్టాక పెన్ను తీసి మొదటి కాగితం మీద రెండు లీటర్లు కొట్టేసి, మూడు అని రాసి, పక్కన గుణించారు. నాలుగు వందల ఇరవై.

"అంటే సోమవారానికే దాటింది. కానీ రెట్టింపు కాలేదు. నెమ్మదిగానే పెరుగుతోంది" అన్నారు, మాతో కాదు, కాగితంతో. ఆ తర్వాత నా వంక చూశారు. "ఇప్పుడే ఇక్కడ చేరండి. బీపీకి మందులిస్తాను, బిడ్డ ఊపిరితిత్తులకి ఇంజక్షను ఇస్తాను. రోజూ చూస్తూ, ఎన్నాళ్ళు ఆగగలిగితే అన్నాళ్ళు ఆగుదాం."

ఇరవై నాలుగు రోజులు ఆగగలిగాం. ఆ ఇరవై నాలుగు రోజులూ నేను ఎడమపక్కకి తిరిగి గోడ వంక చూస్తూ పడుకున్నాను. గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఒకటి ఉండేది, దాని అంచులన్నీ నాకు కంఠతా వచ్చాయి. మా అత్తగారు నా కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని నిద్రపోయేవారు, మెలకువ వస్తే నా పాదం మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేవారు. ఆఖరికి బీపీ మాట వినడం మానేసింది. భీమవరం తీసుకెళ్ళి ఆపరేషను చేసి పాపని తీశారు. కేజీ తొమ్మిది వందలు. గాజుపెట్టెలో పది రోజులు ఉంది. మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు మా అత్తగారు పాపని అరచేతుల్లో అటూ ఇటూ కదిపి, "కేజీ తొమ్మిది వందల యాభై. కాటా తప్పు" అన్నారు. నర్సు ఒప్పుకోలేదు. ఆవిడా ఒప్పుకోలేదు.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. పలక కంటే నోరు పెద్దది. నా కిడ్నీలు మాత్రం పూర్తిగా మామూలు కాలేదు. కానుపయ్యాక వాపు పోయింది, బీపీ దిగింది, కానీ ప్రొటీన్ సన్నగా పోతూనే ఉంది. అంతకుముందు ఎన్నాళ్ళ నుంచి పోతోందో, ఆ వారం ముందే నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో డాక్టరుని నేను అడగలేదు. ఏడాదికోసారి ఇరవై నాలుగు గంటల క్యాను పట్టుకుని నర్సాపురం వెళ్తాను. పంటు మీద ఎవరైనా అడిగితే ఏమిటో చెప్పేస్తాను, అడిగినవాళ్ళే పక్కకి జరుగుతారు. చెరువు లోతు గాలిలో చూపించే రైతులతో ఇప్పుడు కేకలు వెయ్యను. ల్యాబులో ఒక గీతల కర్ర పెట్టుకున్నాను, అది చేతికిచ్చి పంపిస్తాను.

మా అత్తగారికి మోకాళ్ళు పోయాయి. చేపలమ్మడం మానేశారు, పంటు ఎక్కలేరు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటారు. మొన్న నేను సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే, "ఇటు రా" అన్నారు. సంచిలోంచి క్యాను తీయించి, రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే పట్టుకున్నారు.

"రెండు కేజీల మూడొందలు" అన్నారు. "ఏం ఒంపలేదు కదా?"

"లేదత్తయ్యా."

"అయితే వెళ్ళు" అని క్యాను నా చేతిలో పెట్టారు.